గొయ్యి పడే చోటే పెగ్గు కొట్టేవారికి ఒక బహిరంగ లేఖ

ఇళ్లు, అపార్ట్‌మెంట్లు కడుతున్న కాంట్రాక్టర్లకు, సైట్ ఇంజినీర్లకు, మేస్త్రీలకు,

నమస్కారం.

ఈ ఉత్తరం రాయటమంటే నా పొట్ట నేను కొట్టుకోవటమే. ముప్పై ఏళ్లుగా గుంటూరు, తెనాలి చుట్టుపక్కల సైట్లకు మార్కింగ్ ఇచ్చి బతుకుతున్నాను. మార్కింగ్ అంటే తవ్వకం ముందు పిల్లర్లు ఎక్కడ రావాలో కొలిచి, నేలలో పెగ్గులు, అంటే చెక్క మేకులు, కొట్టి చూపించటం. అందులో ఇచ్చిన మార్కింగ్‌నే మళ్లీ ఇచ్చిన రోజులు తక్కువేం కాదు. "అన్నా, పెగ్గులు పోయినయ్, ఒక్కసారి వచ్చిపో" అని ఫోన్ వస్తుంది. వెళ్తాను, ఇస్తాను, డబ్బులు తీసుకుని వస్తాను. మీరు పెగ్గులు కొట్టాల్సిన చోట కొట్టుకుంటే ఆ ఫోన్లు ఆగిపోతాయి. అది తెలిసీ రాస్తున్నాను. మొన్నొక సైట్లో చూసింది ఇంకా కళ్ల ముందు నుంచి పోవటం లేదు.

రెండొందల గజాల స్థలం, ముప్పై అడుగులకు అరవై. పన్నెండు పిల్లర్లు. ముందురోజు సాయంత్రం వాళ్ల ఇంజినీరే మార్కింగ్ ఇచ్చాడు. బుద్ధిమంతుడు, లెక్క తెలిసినవాడు. పన్నెండు పెగ్గులూ సరిగ్గా పిల్లరు సెంటర్లలో కొట్టాడు. తలమీద మేకు, మెడకు ఎర్రగుడ్డ, చుట్టూ ఫుటింగ్ (పిల్లరు కింది వెడల్పాటి పునాది) సైజుకి తెల్లగా ముగ్గు. ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ పెట్టాడు. ఆ ఫోటో నేనూ చూశాను, ముచ్చటేసింది. తెల్లారి ఏడింటికి జేసీబీ దిగింది. వేరే పనిమీద అటు వెళ్లిన నేను తొమ్మిదిన్నరకు ఆగి చూస్తే ఐదు గోతులు అయిపోయినయ్. ఐదు పెగ్గులూ ఐదు మట్టికుప్పల మీద ఎర్రగుడ్డలతో సహా పడి ఉన్నాయి.

"పెగ్గులేవి బాబూ?"

"గొయ్యి అక్కడే కద సార్, తీయక తప్పదు."

"మరి మ్యాట్ ఎక్కడ వేస్తావు?"

"గొయ్యి మధ్యలో."

మ్యాట్ అంటే ఫుటింగ్‌లో వేసే ఇనుప కడ్డీల అల్లిక. సరే, గొయ్యి మధ్య అంటే ఏది? జేసీబీ బకెట్ ముగ్గు గీతను చూసి తవ్వదు, డ్రైవర్ చేతివాటాన్ని బట్టి తవ్వుతుంది. ఒకవైపు నిట్టనిలువుగా తెగుతుంది, ఇంకోవైపు పెళ్ల విరిగి జారుతుంది. ఆ గొయ్యిలో టేపు పట్టి మధ్య చూస్తే అది నిన్నటి సెంటరుకు జానెడు పక్కన ఉన్నా ఉంటుంది. ఆ ఇంజినీరు కుర్రాడి కొలతలో తప్పు లేదు. మట్టి కదిలాక కూడా ఆ సెంటరును తిరిగి తెచ్చిపెట్టటానికే పెగ్గు కొట్టేదని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. కాలేజీలో టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే యంత్రం) నేర్పారు, పెగ్గు ఎక్కడ కొట్టాలో మాత్రం సైట్లో నేర్చుకోమని వదిలేశారు. సైట్లోనేమో మేస్త్రీకి ఇంజినీరు మీద నమ్మకం, ఇంజినీరుకు మేస్త్రీ మీద నమ్మకం.

మనం పని మొదలుపెట్టేటప్పుడు శంకుస్థాపన అంటాం. పసుపు కుంకుమలు, కొబ్బరికాయ, నవధాన్యాలు, అంతవరకే మనకు గుర్తు. శంకువు అంటే మేకే, పాతే కొయ్య. యజ్ఞవేదికలు కొలిచిన కాలంలో కాత్యాయనుడి శుల్బసూత్రంలో పద్ధతి ఉంది. శుల్బం అంటే తాడు. నేల చదును చేసి శంకువు పాతి, దాని పొడవంత తాడుతో చుట్టూ వలయం గీస్తారు. పొద్దున శంకువు కొస నీడ ఆ వలయాన్ని తాకిన చోట ఒక మేకు, మధ్యాహ్నం దాటాక తాకిన చోట ఇంకో మేకు. ఆ రెండిటినీ కలిపితే తూర్పు పడమరల గీత. ఇక మధ్యలో శంకువును పీకేసినా గీత ఎక్కడికీ పోదు. చివర్లలో రెండు మేకులు నిలబడి ఉన్నంతకాలం తాడు కట్టిన ప్రతిసారీ అది అక్కడే పుడుతుంది. ఈశాన్యం మూల అంగుళం పెరగలేదని వాస్తుపండితుణ్ణి రెండుసార్లు తిప్పుకునేవాళ్లం, ఈ మేకుల సంగతి మాత్రం గాలికి వదిలేశాం.

పిల్లరు సెంటర్లో పెగ్గు అసలు వద్దనటం లేదు. ముగ్గు పోయటానికి అది కావాలి. కాకపోతే దాని ఆయుష్షు ఒక్క రాత్రి. అది పోయినా మిగలాల్సింది ఆ పిల్లరు మీదుగా వెళ్లే రెండు గీతలు: నిలువుది ఒకటి, అడ్డంది ఒకటి. ప్రతి గీతనూ రెండు వైపులా తవ్వకం బయటికి పొడిగించి, ఆ చివర్లలో బుర్జీలు కట్టాలి. బుర్జీ అంటే తెలియనివాళ్లకు: చిన్న కాంక్రీట్ దిమ్మె. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) స్పెసిఫికేషన్లలో కూడా అదే మాట ఉంది. పెగ్గులు గానీ వెదుళ్లు గానీ బుర్జీలు గానీ పెట్టి దారం కట్టాలని, తవ్వకం జరిగినంత కాలం వాటిని కాపాడుకోవలసింది కాంట్రాక్టరేనని, అదీ అతని సొంత ఖర్చుతోనని రాసి ఉంటుంది. కాబట్టి ఇది నేను కనిపెట్టిన చాదస్తమేం కాదు.

ఎంత దూరంలో? అందరూ అడిగేది ఇదే. నన్నడిగితే ఆ దూరాన్ని తేల్చేది మట్టి. తవ్విన మట్టి ఎటు పోస్తారో తేలకుండా బుర్జీకి చోటు చెప్పకూడదు. లెక్క వేద్దాం. ఫుటింగ్ ఐదడుగులు, అంటే సెంటరు నుంచి రెండున్నర. మనిషి దిగి పనిచేయటానికి ఒక అడుగు. అంచు విరిగితే ఇంకో అడుగున్నర. ఇక్కడికి ఐదు. తవ్విన మట్టిని గొయ్యి అంచుకు కనీసం మీటరున్నర, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత ఎడంగా పోయాలని నిబంధన. ఆరడుగుల గొయ్యికైతే మీటరున్నరే, అంటే ఐదడుగులు. ఆ కుప్ప అడుగున ఇంకో ఐదారడుగులు పరుచుకుంటుంది. మొత్తం పదహారు. మట్టి పోసే వైపు సెంటరు నుంచి పదహారు అడుగుల లోపల కట్టిన బుర్జీ సాయంత్రానికి కుప్ప కింద ఉంటుంది. మట్టి పోయని వైపు పది అడుగులు చాలు. అందుకే నేను సైటుకు వెళ్లగానే టేపు తీయను, "మట్టి ఎటు?" అని అడుగుతాను. "చూద్దాం లెండి" అంటే టీ తాగి వచ్చేస్తాను.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. పనిలోకి వచ్చిన నాలుగో ఏడు. ఒక ఊళ్లో ఫంక్షన్ హాలు. గీతలు బయటికి పొడిగించాలని అప్పటికే తెలుసు, పొడిగించాను కూడా. ఎంత దూరమన్నది తెలియదు. గొయ్యి అంచుకు మూడడుగుల్లో చెక్క పెగ్గులు కొట్టి, ఏదో ఘనకార్యం చేసినట్టు బంధువుల పెళ్లికి వెళ్లిపోయాను. గోతులు ఏడడుగుల లోతు. పడమర వైపు మట్టంతా పెగ్గుల మీదే పోశారు. రాత్రి వాన పడింది. ఆ బరువుకు అంచు జారి, పెగ్గులతో సహా గొయ్యిలోకి దిగిపోయింది. అప్పట్లో నా చేతిలో సెల్‌ఫోన్ లేదు. మేస్త్రీ ఆగకుండా పక్కవాళ్ల ప్రహరీ నుంచి నాలుగడుగులు కొలిచి ఆ వరస కుదిర్చేశాడు. ఆ ప్రహరీ మా గీతకు సమానంగా లేదు. ఒక చివర నాలుగడుగులుంటే ఇంకో చివర నాలుగడుగుల ఏడంగుళాలు. ప్లింత్ బీముకు (నేలమట్టం దగ్గర పిల్లర్లను కలిపే కాంక్రీట్ దూలానికి) షట్టరింగ్ కొట్టేటప్పుడు పలకలు పిల్లర్ల మీదుగా వెళ్లకపోతే గానీ ఎవరికీ అనుమానం రాలేదు. ఒక పిల్లరు ఏడంగుళాలు, దాని పక్కది నాలుగున్నర వాకిట్లోకి వచ్చేశాయి. ఫుటింగులు అప్పటికే రాయిలా గట్టిపడ్డాయి. పగలగొట్టటం, ఫుటింగ్ వెడల్పు చేయటం, డిజైన్ ఇంజినీరు కాళ్లు పట్టుకోవటం, నెలరోజులు పట్టింది. ఆ ఓనరు నన్ను ఒక్క మాట అనలేదు. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. తిట్టినా బాగుండేది. ఆ కాఫీ ఇంకా గొంతు దిగలేదు.

మీలో చాలామంది అనబోయేది తెలుసు. "పదహారు అడుగులు ఎక్కడివయ్యా, ప్రహరీకి పిల్లరుకు మధ్య మీటరు లేదు." నిజమే, ఊళ్లో స్థలాలన్నీ అంతే. అలాంటి చోట నిలువు గీతల చివర్లు రోడ్డువైపు, వెనకవైపు దొరుకుతాయి. రోడ్డువైపు మట్టిలో పెగ్గు కొట్టకండి, సాయంత్రానికి ఏ ఆటోనో ఎక్కుతుంది. అవతల డ్రైను గోడ గట్టిదైతే దానిమీద కాంక్రీట్ మేకు కొట్టి చుట్టూ పెయింటుతో సున్నా చుట్టండి. అడ్డగీతలకు రెండు పక్కలా ప్రహరీలే దిక్కు. ప్రహరీ ఎలాగూ కట్టాల్సిందే కాబట్టి, కనీసం నేలకు అడుగు ఎత్తు వరకైనా ముందే లేపేయమనండి. అడ్డగీతలన్నీ దానిమీదకు ఎక్కించవచ్చు. అయితే మీ తవ్వకం ఆ గోడ పునాదిని ఊపేంత దగ్గరగా ఉంటే ఆ గుర్తుల్ని నమ్మవద్దు. పక్కింటి గోడ మీద గుర్తు పెట్టాలంటే పక్కింటి ఆవిణ్ణి అడిగి పెట్టండి. అడగకుండా పెట్టిన గుర్తుకు ఆదివారం సున్నం పడుతుంది. వేపచెట్టుకు కొట్టిన మేకును, వాలిన కరెంటు స్తంభానికి గీసిన గీతను మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

ఒక గీతకు ఒకవైపే చోటు దొరికితే ఏం చేస్తారు? ఆ వైపే ఒకదాని వెనక ఒకటి రెండు బుర్జీలు పెడతారు. సరే, కానీ ఆ రెండూ మీటరు ఎడంలోనే ఉంటే, వాటి మధ్య 3 మిల్లీమీటర్ల తప్పు పది మీటర్లు వెళ్లేసరికి 3 సెంటీమీటర్లవుతుంది. వీలైనంత ఎడం పెట్టండి. లేదా ఇన్‌స్ట్రుమెంట్ తెప్పించుకోండి.

ఇక బుర్జీ కట్టటం. తొమ్మిదంగుళాలకు తొమ్మిదంగుళాలు, నేలలోకి అడుగున్నర, పైకి అర అడుగు. ఐదు నిలువు, ఐదు అడ్డం గీతలున్న భవనానికి ఇరవై బుర్జీలు. మూడు నాలుగు బస్తాల సిమెంట్, ఇద్దరు మనుషులు, ఒక రోజు. పై తలాలన్నీ ఒకే మట్టానికి ఉండాలి. నీళ్లు నింపిన లెవెల్ పైపు పట్టి సరిచూసుకోండి, ఆటో లెవెల్ (మట్టం చూసే యంత్రం) ఉంటే మరీ మంచిది. దీనివల్ల రెండు లాభాలు. దారం అన్నిచోట్లా సమంగా ఉంటుంది కాబట్టి లోతు కూడా దాన్నుంచే కొలుచుకోవచ్చు. కర్ణాలు కొలిచేటప్పుడు టేపు వాలదు. టేపు వాలితే ఎంత మోసమో చూడండి: ముప్పై మీటర్లలో మూడు మీటర్ల వాలున్న నేల మీద టేపు పరిచి కొలిస్తే పదిహేను సెంటీమీటర్లు కొట్టుకుపోతాయి.

తలమీద ప్లాస్టరు పచ్చిగా ఉన్నప్పుడే దారం బిగించి, దారం కిందుగా తాపీ కొసతో సన్నగా గీయండి. పెగ్గు తల రెండంగుళాలు. దాని అంచుకు దారం ఆనించేవాడొకడు, మధ్యలో పెట్టేవాడొకడు, అంగుళం అక్కడే పోతుంది. తాపీ గీతకు ఆ బాధ లేదు. పక్కనే ఏ గీతో రాయండి: ఏ, బీ, సీ ఒకవైపు, ఒకటి, రెండు, మూడు ఇంకోవైపు. చాక్‌పీసుతో రాస్తే వాన చదువుకుంటుంది. ఇంకొకటి కూడా రాయాలి, దీన్నే అందరూ మరిచిపోతారు: ఆ గీత పిల్లరు సెంటరా, గోడ బయటి అంచా? బయటి వరస పిల్లర్లు గోడ అంచుకు కలిసి ఉంటాయి, లోపలి వరసలు సెంటరులో ఉంటాయి. ఒకే సైట్లో రెండు రకాల గీతలు. గీత గీసినవాడు సెలవు పెట్టిన రోజు వచ్చినవాడికి అది ఏ గీతో ఎలా తెలుస్తుంది? చిన్న బాణం గుర్తు గీసి 'సెంటరు' అనో 'బయటి అంచు' అనో రాస్తే సరిపోతుంది.

మూలమట్టం సంగతి మేస్త్రీలకు నేను చెప్పక్కర్లేదు. మూడు నాలుగు ఐదు కొలతల త్రికోణంలో ఒక మూల సరిగ్గా మట్టానికి వస్తుందని అందరికీ నోటికొచ్చు. చిన్న త్రికోణంతో పెద్ద ఇల్లు తిప్పకండి, పన్నెండు పదహారు ఇరవై పట్టండి. చివర్లో కర్ణాలు తప్పకుండా కొలవండి. నలభై ముప్పై ఇంటికి కర్ణం యాభై. నలభై అడుగుల గోడ ఒకటి పొడవునా అంగుళం పక్కకు జరిగితే రెండు కర్ణాల మధ్య తేడా అంగుళంన్నర పైనే కనిపిస్తుంది, అంటే తప్పు తనంతట తానే పెద్దదై మొహం చూపిస్తుంది. ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు.

నల్లరేగడిలో పనిచేసేవాళ్లకు వేరే చెప్పాలి. మా వైపు వేసవిలో ఆ నేల చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది, తొలకరికి ఉబ్బుతుంది. మే నెలలో కొట్టిన చెక్క పెగ్గు ఆగస్టులో వేలెడు పైకి లేవటం నేను చూశాను. అలాంటి పెగ్గు మీద లెవెల్ రాసుకుంటే గోడ ఎక్కడ తేలుతుందో దేవుడికెరుక. అక్కడ లెవెల్ గుర్తును ఏళ్లుగా కదలని పాత కట్టడం మీద, బడి అరుగో గుడి మెట్టో, దానిమీద పెట్టుకోండి. బుర్జీ కాంక్రీటును కూడా ఇంకో అడుగు లోతుకు దించండి. మెరక పోసిన స్థలమైతే మెరక దాటి అసలు నేల తగిలేదాకా దించాలి.

రోడ్డు పనులు చేసేవాళ్లకు రెండు ముక్కలు. సెంటర్ లైన్ మీద కొట్టిన ఛైనేజీ పెగ్గు (రోడ్డు మొదలు నుంచి దూరం చూపేది) మట్టి చదును చేసే గ్రేడరు మొదటి పాసుకే పోతుంది. ప్రతి ఛైనేజీకీ రెండు వైపులా రోడ్డు హద్దు దగ్గర సమాన దూరంలో పెగ్గులుండాలి. మలుపుల్లో ఆ పెగ్గులు వృత్తం కేంద్రం వైపు చూసే గీత మీద ఉండాలి, కంటికి అడ్డంగా తోచిన చోట కాదు. కిలోమీటరుకు నాలుగు బెంచ్ మార్కులు (ఎత్తు తెలిసిన కదలని గుర్తులు) ఉండాలని జాతీయ రహదారుల స్పెసిఫికేషనే చెబుతోంది. పంచాయతీ రోడ్డుకు రెండైనా పెట్టుకుంటే కల్వర్టు దగ్గర తగాదాలు రావు.

"ఇప్పుడు టోటల్ స్టేషన్ ఉంది కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాయింటు ఇస్తుంది" అని కొత్త ఇంజినీర్లు నాతో వాదిస్తారు. నా దగ్గరా ఉంది, ఇంకా కొంత అప్పు తీరాలి. అయితే దానికి తను ఎక్కడ నిలబడిందో మనమే చెప్పాలి. అలా చెప్పటానికి చెక్కుచెదరని పాయింట్లు రెండు మూడు కావాలి. కదిలిన పాయింటు మీద నిలబెడితే అది మిల్లీమీటరు తేడా లేకుండా తప్పు చోటు చూపిస్తుంది, ఎర్రలైటు కూడా వెలగదు. ఉపగ్రహాలను చూసి చోటు చెప్పే డీజీపీఎస్ హద్దురాళ్లకు మంచిదే. నాలుగంతస్తుల మధ్య సందులో ఆకాశం గుడ్డపీలికంత కనిపించేచోట పిల్లర్లకు దాన్ని నమ్మకండి.

బుర్జీలు ఎప్పటిదాకా ఉండాలంటారా? గొయ్యికి ఒకసారి, పీసీసీ (గొయ్యి అడుగున వేసే పలుచని కాంక్రీట్) మీద మ్యాట్ సెంటరుకు ఒకసారి, స్టార్టరుకు (పిల్లరు మొదట్లో పోసే పొట్టి ముక్కకు) ఒకసారి, ప్లింత్ బీముకు ఒకసారి, కనీసం నాలుగుసార్లు వాటి అవసరం పడుతుంది. ప్లింత్ బీము పోసి, గీతలన్నీ దానిమీదకు ఎక్కించుకున్నాకే పగలగొట్టండి. ఈలోపు వాటికి పట్టే గతులు అన్నీ ఇన్నీ కావు. ఒకడు కూర్చుని అన్నం తింటాడు, ఒకడు ఇటుక పగలగొడతాడు. ఒక పల్లెలో నా పెగ్గుకు గేదెను కట్టేశారు. మేస్త్రీ మీద అరిస్తే, "మేము దాన్ని గూటం అంటాం సార్, గూటానికి గేదెను కాక ఇంకేం కడతాం" అన్నాడు. నోరు మూసుకుని మళ్లీ కొలుచుకున్నాను.

అన్నిటికన్నా ముఖ్యుడు జేసీబీ డ్రైవర్. ఆయనకు ప్లాన్ ఎవరూ చూపించరు. బండి ఎటు నుంచి దిగుతుందో, ఎటు తిరుగుతుందో, ర్యాంపు ఎక్కడో, పక్కకాళ్లు ఎక్కడ ఆనిస్తాడో ఆయనకే తెలుసు. బుర్జీలు కట్టకముందే ఆయన్ని పిలిచి, స్థలం చుట్టూ ఒక్కసారి కలిసి నడవండి. "ఇటు నుంచి అయితే నాకు ఈ రెండూ అడ్డం అన్నా" అని ఆయనే చెబుతాడు. ఆ రెండూ జరపండి. పని మొదలయ్యే రోజు పొద్దున్నే ఆయనకు టీ ఇప్పించి బుర్జీలన్నీ ఇంకోసారి చూపించండి. ఇలా చేసిన సైట్లలో నాకు రెండో ఫోన్ రాలేదు.

ఇంత చెప్పాక కూడా పోతే ఫోన్ చేయండి, వస్తాను. పొద్దున ఆరున్నరకల్లా సైట్లో ఉంటాను. సమ్మెట, నాలుగు బస్తాల సిమెంట్, కొత్త నైలాన్ దారం ఉండ, ఇద్దరు మనుషులు సిద్ధంగా ఉండాలి. మట్టి ఎటు పోస్తారో ముందే తేల్చుకుని ఉండండి. రెండోసారి మార్కింగ్‌కు మాత్రం డబ్బులు రెట్టింపు.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక మార్కింగ్ మనిషి